చేపలకు అమ్మ పోసింది

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండమ్మా, గొంతులో ఎంత మాట ఉన్నా కాసేపు మింగేసి కూర్చోండి. ఆ రేడియో నోరు కూడా ఎవరైనా మూయండి. పిల్లల్ని ఒళ్లో పెట్టుకోండి. చేపలు తిననివాళ్లు ముందుకు రండి, తినేవాళ్లు వెనక్కి పొండి. ఎందుకంటే ఇందులో చేపలు చచ్చిపోతాయి. నడుమ మీకు ఆకలేసిందంటే నా కథ చెడుతుంది.

తిరుపతి రైలు స్టేషనుకు ఎదురు సందులో మునిరామయ్య లాడ్జీ ఉండేది. సెల్‌ఫోన్లు ఇంకా ప్రతి జేబులోకీ దూరని రోజులు. ఆ లాడ్జీ కింది హాల్లో ఒక అద్దాల తొట్టి. అది ఎంత పెద్దదంటే, లారీలోంచి దించడానికి వచ్చిన కూలీలు రెండుసార్లు భోంచేసి, ఒకసారి అలిగి వెళ్లిపోయి, మళ్లీ వచ్చి దించారు. ఆఖరికి అలిపిరి దగ్గరున్న గరుత్మంతుడే లేచి వచ్చి ఒక చెయ్యి వేశాడని మేనేజరు మునస్వామి ఈనాటికీ ప్రమాణం చేస్తాడు. అందులో ఉండేవి చెరువు చేపలు కావు, సముద్రపు చేపలు. మామూలు నీళ్లలో వేస్తే బతకవు. సముద్రంలో ఎంత ఉప్పుంటుందో తొట్టిలోనూ అంత ఉప్పు ఉండాలి. కొండకు పోయే యాత్రికులు గది అడగడం మరిచిపోయి ఆ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడేవాళ్లు.

ఆ తొట్టి పని గ్రేసీది. పులికాటు ఒడ్డున పుట్టిన మనిషి, లాడ్జీలో గదులు ఊడ్చేది. ఉప్పునీళ్ల పక్కన పుట్టినదానివి, చేపల సంగతి నీకు తెలీకుంటే ఎవరికి తెలుస్తుందని మునిరామయ్య తొట్టిని ఆమెకు అప్పజెప్పాడు. నిజానికి గ్రేసీకి చేపల గురించి తెలిసిందల్లా పొలుసు గీకడం, చింతపండు పిసకడం. బతికున్న చేప మొహంలోకి చూడడం ఆమెకు అదే మొదలు. చూసింది, మనసు పారేసుకుంది. పసుప్పచ్చగా బిళ్లలా ఉండే చేపకు నిమ్మపండు అని పేరు పెట్టుకుంది. కాషాయం రంగులో తిరిగే జంటకు సామియార్లు, అంటే సన్యాసులు, అని పేరు పెట్టింది. ఆమె చెయ్యి నీళ్లలో పెడితే నిమ్మపండు వచ్చి వేళ్ల సందుల్లో దూరేది. ఊడ్చే పనికి జీతం, తొట్టి పనికి మెట్ల కింద గది. ఆ గది ఒక చాప వెడల్పు, నిలబడితే మెట్లు నెత్తికి తగులుతాయి. కానీ తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. గడియ లేని చోట్ల గ్రేసీ బతికి వచ్చింది.

ఒకరోజు మునిరామయ్య మద్రాసు నుంచి నీలం చేపను ఒకదాన్ని ప్లాస్టిక్ కవర్లో తెచ్చాడు. కొన్నాళ్లు వేరే నీళ్లలో పెట్టి, రోగం లేదని చూసుకుని కలుపుకోండని అంగడివాడు చెప్పి పంపాడు. మునిరామయ్య వింటాడా? హాల్లో జనం నిండుగా ఉన్నారు, చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీగా ఉన్నాయి. కవరు విప్పి నేరుగా తొట్టిలో పోశాడు.

మచ్చలు మొదట నిమ్మపండు తోక మీద కనిపించాయి. ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లగా, సన్నగా ఉన్నాయి. ఆ తర్వాత సామియార్ల నడుములకూ పట్టాయి. గేదె గోడకు ఒళ్లు రుద్దుకున్నట్టు చేపలు రాళ్లకు రుద్దుకోసాగాయి. మేత కళ్ల ముందే దిగిపోతున్నా చూడనట్టు ఉండిపోయాయి. గదిలో దిగడానికి వచ్చిన ఒకాయన తొట్టిని చూసి, చేపలకే ఇట్లుంటే పరుపుల్లో ఏముంటుందోనని సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మునిరామయ్య కిందికి దిగి వచ్చాడు. ఆయన అరిస్తే ప్లాట్‌ఫారం మీది రైలు కూడా ఇంకో రైలు కూసిందనుకుని ఆగిపోయేది. "ఏం మే గ్రేసీ, ఏం పెట్టినావు వీటికి?"

"రోజూ పెట్టేదే అయ్యా. ఆ నీలం చేప వచ్చినాకనే..."

"నా సేపనంటావా? అది మద్రాసు సేప మే! దానికేం రోగం?"

మద్రాసు చేపకు కంటి మీద కూడా మచ్చలున్నాయి. గ్రేసీ వేలు చూపించబోయి చెయ్యి దించుకుంది.

"ఇవి గాని సచ్చినాయా, నువ్వు మెట్ల కింద రూము ఖాళీ సేసి పో. మల్లీ నా దగ్గర ఏడిసినా లాభంలేదు" అని ఆయన మెట్లెక్కాడు.

మునస్వామి కౌంటరు మీది ఫోనులో మద్రాసు అంగడివాణ్ణి పట్టుకున్నాడు. అవతల అరవం, ఇవతల తెలుగు, మధ్యలో మునస్వామి. "ఉప్పు తగ్గించమంటాండాడు" అన్నాడు రిసీవరుకు అరచెయ్యి అడ్డం పెట్టి. "మామూలు నీల్లు కలప్తా రా అంటాడు. సముద్రంలో ఉండే ఉప్పులో మూడో వంతు మిగిలే దాకా. సేప ఓర్సుకుంటాదంట, దాన్ని పట్టిన పురుగు ఓర్సుకోదంట. నీల్లు తాగి తాగి పగిలి సస్తాదంట."

"మచ్చలు ఎప్పుడు పోతాయి అన్నా?"

మునస్వామి మళ్లీ అడిగి చెప్పాడు. "అవి బిన్నే, తొందరగానే రాలిపోతాయంట. రాలినా నమ్మొద్దంటాడు. ఆ రోగం అడుగున ఇసకలో గూడు కట్టుకోని ఉంటాదంట. నెల పైన ఇట్లే సప్పిడి నీల్లల్లో ఉంచాలంట. మల్లా ఉప్పు ఎక్కించేటప్పుడు మాత్రం సిటికె సిటికె ఎక్కించాలంట. తొందరపడితే సేప నిలబడదు, అది గుర్తు పెట్టుకో అంటాండాడు."

ఆ మాటలన్నీ వింటూ ఒక ముసలామె మెట్ల మీద నిలబడి ఉంది. మునిరామయ్య తల్లి రుక్మిణమ్మ. ఐరాల మనిషి. చెరుకు తోట అమ్మినా చెరుకు నరికే చెయ్యి ఇంకా గట్టిగానే ఉంది. కర్ర పొడుచుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు పైకి తోసుకుని చూసింది. చూసి రెండు చెంపలూ వేసుకుంది.

"రోగమంటార్రా దీన్ని? అమ్మ పోసిందిరా! ఒంటి నిండా ముత్యాల మాదిరి పోసింది సూడు. ఆ మద్రాసాయన ఎవురో మంచోడే. అమ్మ పోసినప్పుడు ఉప్పు పెట్టకూడదు, సప్పిడే పెట్టాల. మా కాలంలో అంతే."

గ్రేసీ ప్రాణం లేచి వచ్చింది. మద్రాసు మాటా ముసలామె మాటా ఒకటే అయినాక ఇంక భయమేముంది?

పని మొదలైంది. రాళ్లనూ, రాళ్లను పట్టుకుని బతికే సముద్రపు పువ్వునూ, రొయ్యలనూ గ్రేసీ ఒక్కొక్కటీ ఎత్తి పాత ఉప్పునీళ్లు పోసిన ఇంకో చిన్న తొట్లో పెట్టి పెరట్లో ఉంచింది. ఉప్పు తగ్గితే అవి బతకవని మునస్వామి మళ్లీ ఫోను చేసి కనుక్కున్నాడు. కొళాయి నీళ్లు బకెట్లలో పట్టి, మందు వాసన పోయేదాకా మేడ మీద ఎండకు పెట్టింది. ఆ బకెట్లు మోసుకుని దిగుతుంటే మెట్లే ఆమెను చూసి ఒంగి దారి ఇచ్చాయంటారు, నేను చూడలేదు. ఒక చెంబుడు ఉప్పునీళ్లు తోడడం, ఒక చెంబుడు మామూలు నీళ్లు పోయడం. పోసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టి, నీళ్లు వేళ్ల మీదుగా జారేటట్టు పోసేది, చేపల మీద దెబ్బలా పడకుండా. తొట్టిలో ఒక గాజుపుల్ల తేలుతూ ఉండేది. ఉప్పు ఎక్కువుంటే నిక్కి నిలబడుతుంది, తగ్గేకొద్దీ మునుగుతుంది. అది మునిగేదాన్ని బట్టి గ్రేసీ ఆగేది, మళ్లీ తోడేది. చేతులు ఉప్పుకు తెల్లగా పొక్కిపోయి, తొట్టిలో ఎవరికి మచ్చలో తెలియకుండా పోయింది.

రుక్మిణమ్మ ఊరుకోలేదు. తొట్టి నాలుగు మూలలా వేపమండలు కట్టించింది. ఇంట్లో అమ్మ ఉన్నప్పుడు తాలింపు వేయకూడదని లాడ్జీ వంటింట్లో తాలింపులు ఆపించింది. ఆరు రాష్ట్రాల యాత్రికులు ఆవాలు చిటపటమనని పప్పు తిని, ఇది తిరుపతి పద్ధతేమోనని మెచ్చుకుని వెళ్లారు. పగలంతా తొట్టి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చునేది. గ్రేసీ ఎత్తిన చెంబును కడిగితేగానీ ముట్టేది కాదు, కానీ గ్రేసీతో మాట్లాడకుండా మాత్రం ఉండలేకపోయేది.

"ఆ పచ్చదానికి తగ్గింది మే. సూడు, తోక ఇప్పింది."

"అవునవ్వా. పొద్దున నా వేలు కొరికింది."

"కొరికిందా? అయితే బతికినట్టే. నాకు పళ్లున్నప్పుడు నేనూ అందురినీ కొరికిందాన్నే" అని ముసలామె నవ్వింది.

మచ్చలు రాలిపోయాయి. ఒక ఉదయం గ్రేసీ లైటు వేసి చూస్తే చేపలన్నీ కడిగిన గాజుల్లా ఉన్నాయి. నీలం చేప కూడా మేతకు పైకి వచ్చింది. మునిరామయ్య దిగి వచ్చి తొట్టి ముందు మీసం దువ్వుకుని, ఈ లాడ్జీలో రోగమన్నది నిలవదని పక్క గది ఆయనతో చెప్పాడు. గ్రేసీ గాజుపుల్లను చూసుకుంది. ఉప్పు ఇంకా తక్కువే ఉంది. ఉండాలి.

"అమ్మ దిగింది" అంది రుక్మిణమ్మ. "ఇంక తలకు పోయాల మే. పసుపూ వేపాకూ ఏసి నీల్లు కాంచి, రేపే పోద్దాం. ఆమెను సాగనంపి, బిడ్డలకు ఉప్పన్నం పెట్టాల."

గ్రేసీ చేతిలో చెంబు ఆగింది. "వద్దవ్వా. నెల పైన ఇట్లే ఉండాలంట. ఇసకలో ఉండాదంట ఇంకా."

"ఆ మద్రాసాయనింట్లో ఎప్పుడన్నా అమ్మ పోసిందా? సప్పిడి తినీ తినీ వాటికి సత్తువ పొయ్యుంటాది."

"నీ కాళ్లు పట్టుకుంటా అవ్వా, ఉప్పు మాత్రం వేయొద్దు. ఇప్పుడు ఉప్పు తగిలితే పోతాయి."

ముసలామె నిమ్మపండు వైపు తిరిగింది. "నీల్లు పోసేది ఆలిస్యం సేస్తే ఏమైతాదో నాకు తెలుసు మే" అంది, చేపతో చెబుతున్నట్టు. "మునిరామయ్యకు ముందు నాకు ఇంకొక కొడుకు ఉన్న్యాడు, వానికీ అమ్మ పోసింది." ఆ మాటతో తలకు పోసే సంగతి అయిపోయిందనుకుంది గ్రేసీ. అదే ఆమె చేసిన పొరపాటు.

మరుసటి రోజు ఆదివారం. గ్రేసీ తల దువ్వుకుని, తెల్లచీర కట్టుకుని, చర్చికి పోతూ కౌంటరు దగ్గర ఆగింది. "అన్నా, తొట్టిని ఎవరినీ తాకనియ్యొద్దు. అవ్వను కూడా."

"నువ్వు పో మే. నేనుండానుగదా, ఈగను గూడా వాలనియ్యను" అన్నాడు మునస్వామి.

ఈగ వాలలేదు. అది మాత్రం నిజం.

తిరిగి వచ్చేసరికి హాలు గడపలోనే పసుపు వాసన తగిలింది. తొట్టిలో నీళ్లు పచ్చగా, చిక్కగా ఉన్నాయి. పైన వేపాకు తేలుతోంది. పక్కన మట్టికుండ బోర్లించి ఉంది. నెల తర్వాత చిటికె చిటికె వేయడానికని దాచిన ఉప్పు సంచి ఖాళీగా, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ మీద బుద్ధిగా ఉంది. గాజుపుల్ల నిక్కి నిలబడి ఉంది.

గ్రేసీ తెల్లచీరతోనే చేతులు మోచేతుల దాకా ముంచేసింది. పసుపులో ఏమీ కనిపించలేదు, చేత్తో వెతికింది. ఒక సామియారు దొరికింది, మెత్తగా ఉంది. రెండోది దొరికింది. నీలం చేప అప్పటికే తెల్లబడి ఉంది. నిమ్మపండు ఒక మూల ఇసుక మీద పక్కకు వాలి మొప్పలు ఎగరేస్తోంది. అరచేతిలో ఎత్తి బకెట్లో మామూలు నీళ్లు కొంచెం, తొట్టి నీళ్లు కొంచెం కలిపి అందులో పెట్టింది. చెంబుతో కొంచెం, ఇంకొంచెం. వేళ్ల మీదుగా జార్చింది. నిమ్మపండు ఒకసారి ఆమె వేళ్ల సందుల్లోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది. గ్రేసీ వేళ్లు కదపకుండా అట్లాగే కూర్చుంది.

గోడ పక్కన రుక్మిణమ్మ నిలబడి ఉంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. "మే" అంది.

మునిరామయ్య వచ్చాడు. ఆ రోజు ఆయన అరవలేదు, అదే హాలంతటినీ భయపెట్టింది. "ఎవురు పోసినారు?" అన్నాడు.

మునస్వామి తాళాల బోర్డు వైపు తిరిగిపోయాడు. "నేను తాళాలు తుడస్తా ఉన్న్యాను సార్. ఈడ సూడలేదు."

మునిరామయ్య తల్లి వైపు చూశాడు. కొంగులోంచి బయటపడిన వేళ్ల కొసలు చూశాడు. గోళ్ల దాకా పసుపు. గోడ మీది సున్నానికి కూడా తెలిసిపోయి ఉంటుంది ఎవరు పోశారో. ఆయన చూసి, చూపు తిప్పి, తెచ్చి గ్రేసీ మీద పెట్టాడు.

"నీకప్పజెప్పి నేను నిద్రపోతే నువ్వు సర్చికి పోతివా?"

గ్రేసీ లేవలేదు. ముసలామె వైపు చూసింది. అడగలేదు, ఊరికే చూసింది. చీపురు వేసే పెద్దామె, గది తాళం కోసం నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు, మునస్వామి వీపు, అందరూ ముసలామె నోటి కోసం ఆగారు. రుక్మిణమ్మ నోరు తెరిచింది, మూసింది. చేతులు కొంగులోకి ఇంకొంచెం లోపలికి పోయాయి.

"రూము ఖాళీ సేయి" అన్నాడు మునిరామయ్య.

గ్రేసీ ఎక్కువ సర్దుకోవలసిన పనిలేదు. చీరలు, రేకు పెట్టె, బైబిలు, ఒక అద్దం ముక్క. చాప చుట్టింది. తడిచీర పిండి మడతపెట్టింది, పసుపు దానికీ అంటుకుంది. చేతులు తుడుచుకుంది. తలుపు గడియను ఒకసారి వేసి, తీసింది. పెట్టె ఎత్తబోతుంటే గుమ్మంలో నీడ పడింది.

రుక్మిణమ్మ నెత్తి వంచి లోపలికి వచ్చింది. లాడ్జీ కట్టినప్పటి నుంచి ఆ గదిలో కాలు పెట్టని మనిషి. మెట్టుకు తల కొట్టుకుంది, కానీ ఆగలేదు. వచ్చి, రేకు పెట్టె మీద కూర్చుంది.

"లే అవ్వా" అంది గ్రేసీ.

ముసలామె లేవలేదు. బయటి నుంచి మునిరామయ్య పిలిచాడు. "అమ్మా, యాడికి పోతివి? రా ఈడికి."

"నువ్వే రా" అంది రుక్మిణమ్మ. గది చిన్నది, ఆయన గుమ్మంలోనే నిలబడవలసి వచ్చింది. ఆయన భుజాల మీదుగా సగం హాలు తొంగి చూసింది.

ముసలామె కొంగు విప్పి చేతులు రెండూ ఒళ్లో పెట్టింది, అరచేతులు పైకి. పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. "సూడు" అంది.

"సూసినాలే. పద మా. అందురూ సూస్తాండారు."

"సూడనీ. నువ్వు ఇందాక సూసినావు, సూసి తప్పు ఆ బిడ్డ మింద పెట్టినావు. నేను సూస్తా ఊరుకుంటిని." అరచేతులు ఇంకొంచెం ముందుకు చాపింది. "అవి సావకుండా నీల్లు పోసినాననుకుంటి. సచ్చిపొయినాయి. మల్లీ సచ్చిపొయినాయి రా."

మునిరామయ్య మెడ తడుముకున్నాడు. మెట్ల వైపు చూశాడు, గడియ వైపు చూశాడు, గ్రేసీ మొహం తప్ప అన్నీ చూశాడు. "ఉండమను" అన్నాడు తల్లితో. వెనక్కి తిరిగి, జనాన్ని పక్కకు తోసుకుంటూ మేడ ఎక్కేశాడు.

గ్రేసీ సంతోషపడిందని చెప్పేవాడెవడైనా అబద్ధాలకోరు. నేను అన్ని రకాలవీ చెబుతాను గానీ అది చెప్పను. పెట్టె మీద ముసలామె, చుట్టిన చాప, మధ్యలో తను. చాపను గోడకు ఆనించింది, విప్పలేదు. బయటికి పోయి, పళ్లెం తెచ్చుకుని, తొట్టిలోంచి చేపలను ఒక్కొక్కటే ఎత్తి పెట్టింది. రుక్మిణమ్మ వెనకాలే వచ్చి, కడగని చెంబు తీసుకుని నీళ్లు తోడడం మొదలుపెట్టింది. ఒక చెంబు గ్రేసీ, ఒక చెంబు ముసలామె, బకెట్టు నిండుతోంది.

"పూడ్సుదామా మే?" అంది రుక్మిణమ్మ మెల్లగా. "మీవోల్లు పూడుస్తారు గదా."

"మనుషుల్ని పూడుస్తాం. మా ఊర్లో చేపల్ని కూర చేస్తారవ్వా."

ముసలామె కాసేపు తోడింది. "నా మింద కోపమా?"

"చేతులు కడుక్కో అవ్వా."

"కడిగితి. పోల్యా."

"పోదులే" అంది గ్రేసీ. "పసుపు గదా, కొన్నాళ్లుంటాది." ఆ మాటలో ఓదార్పు ఉందో లేదో ముసలామెకు తెలియలేదు, నాకూ తెలియదు. పళ్లెంలో నిమ్మపండు మీద వేపాకు ఒకటి అంటుకుని ఉంటే గ్రేసీ గోటితో తీసేసింది. వంటింట్లో అప్పుడే ఎవరో తాలింపు వేశారు.

సరిగ్గా అప్పుడు కొండ దిగి వచ్చిన ఒకాయన హాల్లో అడుగుపెట్టాడు. నున్నటి గుండు, గుండు మీద చందనం, చేతిలో లడ్డూల సంచి. ఖాళీ తొట్టి ముందు ఆగి, అద్దానికి ముక్కు ఆనించి, అటూ ఇటూ వెతికి, చాలా బాధగా మునస్వామిని అడిగాడు:

"ఏమప్పా, సేపలు గూడా మొక్కుకున్న్యాయా? నడిసి పోయినాయా కొండకు, బస్సులోనా?"